నగర పార్కుల్లో చెట్లు నాటడం: తరచుగా అడిగే ప్రశ్నలు

తొలకరి పడగానే హైదరాబాదులోనూ, విశాఖపట్నంలోనూ కాలనీ సంక్షేమ సంఘాలు, ఉదయపు నడకకు వచ్చేవారు, పాఠశాలల వారు పార్కుల్లో మొక్కలు నాటడానికి ముందుకు వస్తారు. ఎన్ని నాటారన్న లెక్క అందరి దగ్గరా ఉంటుంది. మరుసటి మే నెలాఖరుకు వాటిలో ఎన్ని బతికి ఉన్నాయన్న లెక్క చాలా కొద్దిమంది దగ్గరే ఉంటుంది. కింది జవాబులన్నీ ఆ రెండో లెక్కను దృష్టిలో పెట్టుకొని రాసినవి. రెండు నగరాల నేల, గాలి వేరు కనుక అవసరమైన చోట విడివిడిగా చెప్పాము.

రోడ్ల పక్కన ఎలాగూ నాటుతున్నారు కదా, పార్కుల మీద ప్రత్యేక శ్రద్ధ ఎందుకు?

రోడ్డు పక్కన చెట్టుకు కింద నీటి పైపులు, మురుగు కాలువలు, కేబుళ్లు అడ్డం. పైన కరెంటు తీగలు అడ్డం. ఏటా వానలకు ముందు విద్యుత్ సిబ్బంది తీగలకు తగిలే కొమ్మలను నరుకుతారు, నరకక తప్పదు కూడా. ఏళ్ల తరబడి ఒకే పక్క నరికించుకున్న చెట్టు బరువంతా రెండో పక్కకు చేరి, ఏదో ఒక గాలివానకు రోడ్డు మీద పడుతుంది. పార్కులో ఈ చిక్కులు లేవు. మర్రి, రావి, చింత, నేరేడు, ఇప్ప వంటి పెద్ద చెట్లు తమ పూర్తి రూపానికి ఎదగగలిగిన చోటు నగరంలో పార్కు, చెరువు గట్టు, పాత ఆసుపత్రులు, కళాశాలల ఆవరణలు తప్ప దాదాపు మరొకటి లేదు.

జరుగుతున్నది మాత్రం తలకిందులుగా ఉంది. మీటరు వెడల్పు కూడా లేని డివైడర్ల మీద పెద్దయ్యే చెట్లను పెడుతున్నారు. ఎకరాల పార్కుల్లో పచ్చిక, కత్తిరించిన పొదలు, గోడ వెంట వరుసగా నారమామిడి చెట్లు పెంచుతున్నారు. జనం అశోక చెట్టు అని పిలిచే ఈ నిటారు రకం నారమామిడి మనిషికి నీడ ఇవ్వదు. పార్కుకు పెద్ద చెట్టు, ఇరుకు రోడ్డుకు చిన్న చెట్టు అన్న ఒక్క నియమం పాటించినా నగరంలో నీడ ఎంతో పెరుగుతుంది.

పట్టణ వనం అంటే ఏమిటి? మా చిన్న పార్కు అందులో లెక్కకు వస్తుందా?

నగరం హద్దుల్లో ఉన్న చెట్లన్నీ, అంటే ఇళ్ల పెరట్లో, వీధుల్లో, పార్కుల్లో, శ్మశానాల్లో, రక్షిత అడవి ముక్కల్లో ఉన్నవన్నీ కలిపితే పట్టణ వనం. భారత అటవీ సర్వే సంస్థ 2021 నివేదిక ప్రకారం హైదరాబాదులో అటవీ విస్తీర్ణం 2011లో 33.15 చదరపు కిలోమీటర్లు ఉండగా 2021 నాటికి 81.81కి చేరింది. దేశంలోని మహానగరాల్లో అంత పెరుగుదల మరెక్కడా నమోదు కాలేదు. ఆర్బర్ డే ఫౌండేషన్, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ కలిసి ఇచ్చే ప్రపంచ వృక్ష నగరం గుర్తింపు 2020 సంవత్సరానికి హైదరాబాదుకు దక్కింది. మన దేశంలో ఆ గుర్తింపు పొందిన మొదటి నగరం అదే.

సంతోషించవలసిన విషయమే. కానీ ఆ నివేదికలో అడవి అంటే హెక్టారుకు మించిన విస్తీర్ణంలో, పది శాతానికి మించి చెట్ల గొడుగు కమ్మిన నేల. అది ఏ జాతి చెట్టు, ఎవరి భూమి అన్నదానితో పని లేదు. అర ఎకరం కాలనీ పార్కు ఆ లెక్కలో కనిపించదు. మధ్యాహ్నం పన్నెండు గంటలకు మీ పార్కు బెంచీ మీద నీడ ఉందా లేదా అన్నది ఏ ఉపగ్రహ చిత్రమూ మీకు చెప్పదు, మీరే చూసుకోవాలి.

అర ఎకరం పార్కులో ఎన్ని మొక్కలు నాటవచ్చు?

మీరు అనుకునేదానికన్నా చాలా తక్కువ. అర ఎకరం అంటే సుమారు రెండు వేల చదరపు మీటర్లు. బాగా ఎదిగిన నేరేడు లేదా కానుగ గొడుగు పది మీటర్ల వెడల్పు ఉందనుకుంటే ఒక్క చెట్టు కింద దాదాపు 78 చదరపు మీటర్ల నేలకు నీడ పడుతుంది. అలాంటివి పన్నెండు ఉంటే పార్కులో దాదాపు సగం నీడలోకి వస్తుంది. మిగిలిన సగంలో పిల్లల ఆటస్థలం, నడక బాట, పది పదిహేను చిన్న చెట్లు, పూల పొదలు ఇమిడిపోతాయి.

అర ఎకరంలో అయిదు వందల మొక్కలు నాటామని బ్యానర్ కట్టడం సులువే. అయిదేళ్లకు అవి ఒకదానినొకటి నొక్కుకుంటూ, వెలుతురు కోసం సన్నగా పొడవుగా సాగి, మొదటి పెద్ద గాలికి వంగిపోతాయి. మర్రి, రావి చెట్లకు పన్నెండు నుంచి పదిహేను మీటర్లు, చింత, నేరేడు చెట్లకు పది మీటర్లు, పొగడకు ఆరు నుంచి ఎనిమిది, రేలకు అయిదారు మీటర్ల ఎడం ఉండాలి. నాటిన కొత్తలో ఆ ఎడం చూసి పార్కు బోసిగా ఉందని సభ్యులు గొణుగుతారు. ఓర్చుకోవాలి.

ఏ జాతులు నాటాలి?

ముందుగా నేలను చూడాలి. హైదరాబాదులో చాలా చోట్ల అడుగు, అడుగున్నర ఎర్ర చల్క మట్టి కిందే మొరం తగులుతుంది, దాని కింద గ్రానైట్ రాయి. ఇటువంటి నేలలో ఎండను, రాళ్లను తట్టుకునే వేప, కానుగ, చింత, నెమలినార, దిరిసెన, రేల, మోదుగ, జమ్మి, ఇప్ప, మారేడు, వెలగ, కుంకుడు బాగా కుదురుకుంటాయి. పార్కులో నీరు నిలిచే పల్లం ఉంటే అక్కడ తెల్లమద్ది, నేరేడు, కడిమి పెట్టాలి. వాగుల ఒడ్డున పెరిగే జాతులు కాబట్టి వాటికి ఆ తడి పనికొస్తుంది.

విశాఖలో సముద్రం వైపు పార్కులకు ఉప్పుగాలి పెద్ద పరీక్ష. గంగరావి, పొన్న, కానుగ, తాటి, కొబ్బరి, నాటు బాదం దానిని తట్టుకుంటాయి. సముద్రానికి ఎదురుగా మొదటి వరుసలో వీటిని పెంచి, వాటి చాటున పొగడ, నేరేడు, వేప పెడితే లోపలి చెట్లు ఆకులు మాడకుండా పెరుగుతాయి. కొండవాలు పార్కుల్లో పరిస్థితి కొంత నయం.

రెండో విషయం, ఒకే జాతిని ఎక్కువగా పెట్టకూడదు. అమెరికా వృక్ష శాస్త్రవేత్త ఫ్రాంక్ శాంటమర్ 1990లో ఒక కొలత సూచించారు: నగరంలోని మొత్తం చెట్లలో ఒక జాతి పది శాతం, ఒక ప్రజాతి (దగ్గరి చుట్టాలైన జాతుల గుంపు) ఇరవై శాతం, ఒక కుటుంబం ముప్పై శాతం మించకూడదు. మనకు ఇది పుస్తకాల మాటగా తోచేది, 2021 వరకు. ఆ ఏడాది శరదృతువులో తెలంగాణ అంతటా, ఆంధ్రప్రదేశ్‌లోనూ వేప చెట్లు చివుళ్ల నుంచి కిందికి ఎండిపోతూ వచ్చాయి. శిలీంధ్రం వల్ల వచ్చే కొమ్మ ఎండు తెగులు, దానికి తోడు టీ దోమ అనే పురుగు కలిసి దెబ్బతీశాయి. చాలా చెట్లు తర్వాత మళ్లీ చిగురించాయి గాని, వేప తప్ప మరో చెట్టు లేని పార్కుల్లో ఆ కొన్ని నెలలు చూడటానికి కష్టంగా ఉండింది. వేప ఎంత మంచి చెట్టయినా పదింట ఒకటిగా ఉంటే చాలు.

మర్రి, రావి, మేడి, జువ్వి చెట్లలో కనీసం ఒకటి ప్రతి పార్కులోనూ ఉండాలని మేము పట్టుబడతాము. వీటికి ఏడాదిలో ఏదో ఒక సమయంలో కాయలుంటాయి. మిగతా చెట్ల మీద ఏమీ దొరకని రోజుల్లో కోయిలలు, కంసాలి పిట్టలు, గబ్బిలాలు వీటి మీదే ఆధారపడతాయి. గోడలకు, భవనాలకు పది మీటర్లకు తక్కువ కాకుండా దూరం పాటించండి.

విదేశీ చెట్లన్నీ చెడ్డవేనా?

కావు. పులిహోరకు, పప్పుచారుకు ఆధారమైన చింత చెట్టు పుట్టిల్లు ఆఫ్రికా. గోల్కొండ నయా ఖిల్లాలో శతాబ్దాలుగా నిలిచి ఉన్న హాతియాన్ కా ఝాడ్ కూడా ఆఫ్రికా నుంచి వచ్చిన బావోబాబ్ చెట్టే. ఎక్కడి నుంచి వచ్చిందన్నదాని కన్నా, వచ్చి ఏం చేస్తున్నదన్నది చూడాలి. సీమ తుమ్మ ఇతర మొక్కలను లేవనివ్వదు. కోనోకార్పస్ తక్కువ నీటితో పచ్చని గోడలా త్వరగా పెరుగుతుందని కొన్నేళ్ల కిందట ఎక్కడ చూసినా నాటారు. దాని మీద పిట్ట వాలదు, వేళ్లు పైపుల్లోకి చొరబడతాయి, పుప్పొడి పడనివారు ఇబ్బంది పడతారు. గుజరాత్ ప్రభుత్వం 2023లో దానిని నిషేధించింది. తెలంగాణ ప్రభుత్వం కూడా హరితహారంలో దానిని నాటడం ఆపించింది.

స్వదేశీ అనగానే కళ్లు మూసుకొని నాటడమూ పొరపాటే. ఏడాకుల పొన్న ఈ దేశపు చెట్టే. హుద్‌హుద్ తుఫాను తర్వాత విశాఖలో పచ్చదనం త్వరగా తిరిగి రావాలని దానిని విరివిగా నాటారు. అక్టోబరు, నవంబరు నెలల్లో సాయంత్రం వేళ దాని పూల ఘాటు వీధంతా కమ్మేస్తుంది. తలనొప్పి, ఆయాసం అని ఫిర్యాదు చేసేవారు ఆ నగరంలో ఏటా ఉంటారు. పది ఎకరాల పార్కులో ఒక మూల ఒకటి ఉంటే ముచ్చట. నడక బాట పొడవునా వరుసగా పెడితే బాధ.

తుఫానులకు, గాలివానలకు పడిపోని చెట్లు ఏవి?

ఎప్పటికీ పడిపోని చెట్టు లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగంతో విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు నగరం ఒక్క పూటలో బోడి అయిపోయింది. అయినా అన్ని చెట్లూ ఒకేలా దెబ్బతినలేదు. తురాయి, పచ్చ తురాయి వంటి పెళుసు కర్ర, పైపై వేళ్లు ఉన్న అలంకార జాతులు ఎక్కువగా కూలాయి. తాటి, వేప, కానుగ వంటివి కొమ్మలు పోగొట్టుకున్నా చాలా చోట్ల నిలబడి మళ్లీ చిగిర్చాయి. హైదరాబాదులో తుఫాను రాకపోయినా మే నెల గాలివానలకు కూలేవి చాలావరకు ఇవే తురాయిలు.

జాతి ఎంపిక సగం పని మాత్రమే. రోజూ కొద్దికొద్దిగా పైపైన నీళ్లు పోసిన చెట్టుకు వేళ్లు పైనే ఉండిపోతాయి. మొదలు చుట్టూ సిమెంటు పోసిన చెట్టుకు ఒక పక్క వేళ్లే ఉండవు. ఇనుప చట్రంలోనే ఏళ్ల తరబడి నిలబడ్డ మొక్క కాండానికి గాలికి ఊగే అలవాటు ఉండక బలం చేకూరదు. ఒంటరిగా నిలిచిన చెట్టు కన్నా, సరైన ఎడంతో అయిదారు జాతులు కలిపి గుంపుగా పెంచిన చెట్లు గాలిని బాగా కాచుకుంటాయి. తుఫానుల కాలం అక్టోబరు, నవంబరు నెలలు కనుక తీర నగరాల్లో ఎండిన కొమ్మలను, రెండుగా చీలి పెరుగుతున్న కాండాలను సెప్టెంబరు లోపే సరిచూడాలి. తలలు నరికి మొండి చేయడం మాత్రం వద్దు. నరికిన చోట గుత్తులుగా లేచే కొత్త కొమ్మలకు పట్టు ఉండదు, రెండు మూడేళ్లలో అవే విరిగి పడతాయి.

ఎప్పుడు నాటాలి? గుంత ఎంత ఉండాలి?

గుంతలు మే నెలలోనే తీసి ఎండనివ్వాలి. రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు కనీస కొలత. మొరం ఉన్న చోట మూడడుగులు తీయడం మేలు, లోతు కన్నా వెడల్పు ముఖ్యం. ఒక జాగ్రత్త: మొరంలోనో రాతిలోనో నున్నగా చెక్కిన గుంత వానాకాలంలో తొట్టిగా మారి నీళ్లు నిలుస్తాయి, వేళ్లు కుళ్లిపోతాయి. గుంత తీయగానే రెండు బకెట్ల నీళ్లు పోసి చూడండి. మరుసటి ఉదయానికి కూడా ఇంకకపోతే గడ్డపారతో అడుగును, పక్కలను పగలగొట్టాలి, లేదా ఆ చోటు మార్చుకోవాలి.

పైమట్టిలో బాగా మాగిన పశువుల ఎరువును మూడో వంతు కలిపి, చెదలకు రెండు గుప్పిళ్ల వేపపిండి వేసి నింపాలి. పచ్చి పేడ వేస్తే వేడికి వేళ్లు మాడతాయి, చెదలు కూడా చేరతాయి. ఒకటి రెండు మంచి వానలు పడి, నేల అడుగు లోతు తడిసిన తర్వాత, అంటే జూన్ చివరి నుంచి జులై మొదటి వారాల్లో నాటితే మొక్కకు మూడు నెలల వాన దొరుకుతుంది. ప్రపంచ పర్యావరణ దినం జూన్ 5న వస్తుంది కాబట్టి ఆ రోజే నాటాలని చాలామంది అనుకుంటారు. ఆనాటికి మన నేల ఇంకా పొయ్యిలా ఉంటుంది. ఆ రోజు మిగిలిపోయిన గుంతలు తీసే కార్యక్రమం పెట్టుకుంటే బాగుంటుంది.

నాటేటప్పుడు జరిగే ముఖ్యమైన పొరపాట్లు ఏమిటి?

మొదటిది ప్లాస్టిక్ సంచి. నమ్మశక్యంగా ఉండదు గాని, ఎండిపోయిన మొక్కను పీకి చూస్తే నల్ల సంచి అలాగే చుట్టుకొని ఉండటం తరచుగా కనిపిస్తుంది. ఫొటో తొందరలో అతిథి సంచితో సహా గుంతలో పెడతారు. వెనకాల మట్టి లాగేవారు అది గమనించరు. సంచిని బ్లేడుతో నిలువునా కోసి, మట్టిముద్ద చెదరకుండా రెండు చేతులతో బయటికి తీయాలి. అప్పుడు ముద్ద అడుగు భాగం చూడండి. నర్సరీలో రెండు మూడేళ్లు ఒకే సంచిలో ఉన్న మొక్క వేళ్లు అడుగున గుండ్రంగా చుట్టలు తిరిగి ఉంటాయి. వాటిని విప్పకుండా నాటితే భూమిలోనూ అలాగే చుట్టుకుంటూ లావెక్కి, ఎనిమిదో ఏటనో పదో ఏటనో చెట్టు తన మొదలును తానే బిగించుకుంటుంది. ఏ కారణమూ లేకుండా చెట్టు పడిపోయిందని అప్పుడు అనుకుంటాము. చుట్టలను కత్తెరతో మూడు నాలుగు చోట్ల కోసి, పక్కలకు విడదీసి నాటాలి.

రెండోది లోతు. సంచిలో మట్టి ఎంతవరకు ఉందో, నేల కూడా సరిగ్గా అంతవరకే రావాలి. కాండం మొదలును మట్టిలో పూడిస్తే బెరడు కుళ్లుతుంది. మూడోది ఊతకర్ర. కర్రను మట్టిముద్దలోకి గుచ్చకుండా పక్కన పాతి, జనపనార తాడుతో ఎనిమిది అంకె ఆకారంలో వదులుగా కట్టాలి. ఏడాదికో ఏడాదిన్నరకో ఆ తాడును విప్పే బాధ్యత ఒక మనిషికి పేరు పెట్టి అప్పగించాలి. తీగ కాండంలో దిగబడిపోయిన చెట్లు, ఇనుప చట్రాన్ని మింగేసిన చెట్లు ప్రతి నగరంలోనూ ఉన్నాయి.

చివరగా, మొక్క చుట్టూ మూడడుగుల వెడల్పున పాదు చేసి, అందులో ఎండుటాకులు మూడంగుళాల మందాన పరవాలి. ఆకులు కాండాన్ని తాకకుండా బెత్తెడు ఖాళీ వదలాలి.

పది అడుగుల మొక్క తెచ్చి నాటితే త్వరగా నీడ రాదా?

రాదు. పెద్ద మొక్కను నర్సరీ నుంచి తీసేటప్పుడు వేళ్లలో ఎక్కువ భాగం తెగిపోతుంది కాబట్టి అది ఒకటి రెండేళ్లు ఎదుగు లేకుండా ఉండిపోతుంది. అయిదారు అడుగుల ఎత్తు, బొటనవేలంత లావు కాండం, ఒకే నిటారు కొన ఉన్న మొక్కను ఎంచుకోండి. మూడేళ్లలో అది పెద్ద మొక్కను దాటిపోతుంది. కాండం పెన్సిలంత సన్నగా ఉండి కర్ర లేకుండా నిలబడలేని మొక్కను ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు.

నీళ్లు ఎంత పోయాలి, ఎన్నాళ్లు పోయాలి?

కనీసం రెండు వేసవులు, వీలైతే మూడు. పార్కు మొక్కలు చనిపోయేది నాటిన రోజున కాదు. ఫిబ్రవరి నుంచి జూన్ వరకు, అందరూ మరచిపోయిన తర్వాత. మొదటి వేసవిలో వారానికి రెండుసార్లు, మొక్కకు పదిహేను నుంచి ఇరవై లీటర్ల చొప్పున పాదు నిండా పోసి ఇంకనివ్వాలి. రోజూ ఒక చెంబు పోయడం వల్ల పైమట్టి మాత్రమే తడుస్తుంది, వేళ్లు లోతుకు దిగవు. రెండో వేసవిలో వారానికి ఒకసారి, కాస్త ఎక్కువగా పోస్తే చాలు.

లెక్క వేసుకుంటే, పాతిక మొక్కలకు వారానికి వెయ్యి లీటర్లు. వేసవిలో బోరు ఎండిపోయే కాలనీలు ఈ లెక్కను నాటడానికి ముందే వేసుకోవాలి. దగ్గరలో అపార్ట్‌మెంట్ల మురుగు శుద్ధి కేంద్రం ఉంటే అక్కడి శుద్ధి చేసిన నీరు చెట్లకు బాగా పనికొస్తుంది. చాలా చోట్ల ఆ నీటిని కాలువలోకి వదిలేస్తున్నారు. నీళ్లకు ఏర్పాటు లేకపోతే పాతిక బదులు పది నాటండి.

మియావాకి పద్ధతి మా పార్కుకు సరిపోతుందా?

జపాన్ వృక్ష శాస్త్రవేత్త అకిరా మియావాకి (1928–2021) రూపొందించిన ఈ పద్ధతిలో స్థానిక జాతులను చదరపు మీటరుకు మూడు నాలుగు చొప్పున చిక్కగా నాటి, రెండు మూడేళ్లు నీళ్లు పోసి, కలుపు తీసి, తర్వాత వదిలేస్తారు. తెలంగాణ అటవీ శాఖ దీనినే ఖర్చు తగ్గించి యాదాద్రి నమూనా పేరుతో అమలు చేసింది. పిట్టలకు, సీతాకోకచిలుకలకు, దుమ్ము ఆపడానికి ఇది మంచిదే. అయితే చిట్టడవిలో మనిషి నడవలేడు, కూర్చోలేడు. చిన్న పార్కు మొత్తాన్ని ఇలా నింపితే జనం పార్కుకు రావడం మానేస్తారు. పెద్ద పార్కులో రోడ్డు వైపు అంచునో, ఎవరూ వాడని మూలనో వంద నుంచి రెండు వందల చదరపు మీటర్లు దీనికి కేటాయించడం సబబుగా ఉంటుంది.

విత్తన బంతులు విసరవచ్చా?

పార్కుల్లో వద్దు. అవి గుట్టలకు, బీడు భూములకు. అక్కడ కూడా మొలిచి బతికేవి కొద్దిశాతమే.

పండుగలకు జనం ఆకులు, కొమ్మలు విరుస్తున్నారు. ఏం చేయాలి?

దసరా నాటి జమ్మి చెట్టు సంగతి చూడండి. తెలంగాణ రాష్ట్ర వృక్షం అని ముచ్చటపడి పార్కు నడుమ నాలుగడుగుల జమ్మి మొక్క నాటుతారు. పండుగ సాయంత్రం బంగారం ఇచ్చిపుచ్చుకోవడానికి వచ్చిన ప్రతి ఒక్కరూ చిన్న రెమ్మ తుంచుకుంటారు. ఎవరూ తప్పు చేయలేదు, కానీ రాత్రికి ముళ్లతో ఒక పుల్ల మిగులుతుంది. వినాయక చవితి పత్రికి మారేడు, జమ్మి, రావి కొమ్మలదీ ఇదే గతి.

చెట్టు చేతికి అందనంత ఎత్తు ఎదిగేదాకా, అంటే నాలుగైదేళ్లు, పండుగ ముందు రోజున చుట్టూ దడి కట్టి, కాలనీ పెద్దలే ఎదిగిన చెట్ల నుంచి కత్తెరతో కోసిన రెమ్మలను బుట్టలో పెట్టి పంచితే సమస్య తీరుతుంది. పూజకు వాడే చెట్లు వద్దనడం తెలివైన పని కాదు. జనానికి అక్కర ఉన్న చెట్టునే జనం కాపాడుతారు. కార్తీక మాసంలో వనభోజనాలకు ఉసిరి చెట్టు కోసం నగరం దాటి వెళ్లే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. పార్కులో రెండు మూడు ఉసిరి చెట్లు గుంపుగా, కింద కూర్చోవడానికి జాగా ఉండేలా పెంచితే ఆ నెలంతా అక్కడ చాపలు పరుస్తారు.

ఆకులు రాలి చెత్త అవుతోందని సభ్యులు ఫిర్యాదు చేస్తున్నారు.

రాలిన ఆకు చెత్త కాదు, వచ్చే ఏటి ఎరువు. పార్కు మూలన మూడడుగుల లోతు గుంతలు రెండు తీసి, ఒకటి నిండాక రెండోది వాడుతూ, అప్పుడప్పుడు పేడనీళ్లు చల్లితే ఆరేడు నెలల్లో ఎరువు సిద్ధమవుతుంది. పాదుల్లో పరచడానికీ ఈ ఆకులే కావాలి. తగలబెట్టడం చట్టవిరుద్ధం, ఆ పొగ ఉదయం నడకకు వచ్చేవారి ఊపిరితిత్తుల్లోకే పోతుంది. నేరేడు పండ్ల మరకలతో విసుగు ఉంటే ఆ చెట్టును నడక బాటకు ఎడంగా పెట్టండి, అంతేగాని నేరేడే వద్దనకండి.

చెట్లు పెరిగితే చీకటి, భద్రత లేకపోవడం వంటి సమస్యలు రావా?

అడ్డం వచ్చేది ఎత్తైన చెట్టు కాదు, మనిషి ఎత్తు పొదలు. బాట పక్కన పొదలను మోకాలి ఎత్తుకు మించనీయకుండా, చెట్లకు ఎనిమిదడుగుల లోపు కొమ్మలను ఏడాదికి ఒకటి రెండు చొప్పున తీసివేస్తూ వస్తే పార్కు ఈ కొస నుంచి ఆ కొసకు కనిపిస్తుంది. దీపాలను చెట్ల గొడుగుకు పైన కాకుండా కింద అమర్చాలి.

నడక బాట, సిమెంటు అరుగులు చెట్లకు హాని చేస్తాయా?

చేస్తాయి. వేళ్లకు నీటితో పాటు గాలి కూడా కావాలి. చెట్టు మొదలు చుట్టూ కనీసం మీటరు మేర కాంక్రీటు ఉండకూడదని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2013లో ఢిల్లీ విషయంలో ఆదేశించింది. అది ఏ నగరానికైనా వర్తింపజేసుకోదగిన కనీస కొలత. రావి చెట్టు చుట్టూ అరుగు కట్టాలనుకుంటే మొదలుకు దూరంగా, లోపల మట్టి వదిలి, రాళ్లను సున్నం సిమెంటు లేకుండా పేర్చి కట్టండి. అరుగు లోపల మట్టి పోసి ఎత్తు పెంచడం మరీ హానికరం.

మొక్క నాటడానికి, చెట్టు కొట్టడానికి ఎవరి అనుమతి కావాలి?

పార్కు నగరపాలక సంస్థది అయితే నాటడానికి ముందే ఉద్యాన విభాగం అధికారులకు రాతపూర్వకంగా తెలియజేసి, పైపుల మార్గాలు ఎక్కడున్నాయో కనుక్కోవాలి. కొట్టడానికి మాత్రం 2002 నాటి వాల్టా చట్టం, అంటే నీరు, భూమి, వృక్ష సంరక్షణ చట్టం కింద అనుమతి తప్పనిసరి. ఇది రెండు రాష్ట్రాల్లోనూ అమల్లో ఉంది, చెట్టు సొంత స్థలంలో ఉన్నా వర్తిస్తుంది. గంధపు చెట్లు కాలనీ పార్కుల్లో పెంచవద్దని మా సలహా. కాపలా పెట్టగల పెద్ద పార్కులకే అవి నప్పుతాయి. మిగతా చోట్ల చేవ పట్టగానే రాత్రికి రాత్రి మాయమవుతాయి.

ఒక పెద్ద చెట్టు కొట్టి, బదులుగా పది మొక్కలు నాటితే సరిపోదా?

సరిపోదు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాదును ముంచినప్పుడు అఫ్జల్‌గంజ్‌లో ఒక చింత చెట్టు ఎక్కి దాదాపు నూట యాభై మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఇప్పుడు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న ఆ చెట్టు ఆనాటికే మహావృక్షం. అంతటి చెట్టు గొడుగును పది మొక్కలు కలిసి అందుకోవాలన్నా పాతికేళ్లు పడుతుంది, అదీ పదీ బతికితే. ఆ మధ్య కాలంలో ఆ చోట నీడ ఉండదు, గూళ్లు ఉండవు.

చెట్టును వేళ్లతో పెకలించి మరో చోట నాటడం కొన్ని జాతులకు పని చేస్తుంది. రావి, మర్రి జాతులు కొమ్మలు తీసేసినా తిరిగి వేళ్లూనుకుంటాయి. వేప, చింత వంటి లోతు తల్లివేరు చెట్లు చాలావరకు తట్టుకోలేవు. మార్చిన చెట్టుకు కొత్త మొక్కకన్నా ఎక్కువగా నీళ్లు, కాపలా కావాలి. కాబట్టి పార్కులో కొత్త కట్టడం తలపెట్టినప్పుడు నక్షాలో ముందు ఉన్న చెట్లను గుర్తించి, తర్వాతే గీతలు గీయాలి.

నీడ రావడానికి ఎన్నాళ్లు పడుతుంది?

నీళ్లు సరిగ్గా అందితే కానుగ, దిరిసెన అయిదారేళ్లలో ఒక బెంచీకి నీడ ఇస్తాయి. నేరేడు, వేప ఎనిమిది నుంచి పదేళ్లు. ఇప్ప, చింత ఇంకా నెమ్మది.

మా పార్కులో కొత్తగా నాటడానికి ఖాళీ లేదు. మేమేం చేయవచ్చు?

చేయవలసిన పని నిజానికి మీ దగ్గరే ఎక్కువ. ముందుగా ఉన్న చెట్లన్నిటికీ నంబర్లు వేసి, జాతి, ఛాతీ ఎత్తున చుట్టుకొలత, కనిపించే జబ్బులు ఒక నోటుపుస్తకంలో రాయండి. అయిదుగురు కలిస్తే ఒక ఆదివారం పని. అందులో మొదలు చుట్టూ సిమెంటు ఉన్నవాటిని, తీగలు బిగుసుకున్నవాటిని, మేకులు కొట్టి ప్రకటన బోర్డులు తగిలించినవాటిని వేరుగా గుర్తించి, వానలకు ముందే ఆ అడ్డంకులు తీయించండి. ఒకదానికొకటి నొక్కుకుంటున్న చోట బలహీనమైనది ఏదో అనుభవమున్న ఉద్యాన అధికారి చేత చూపించి, అనుమతి తీసుకొని తొలగించండి. ఎండిపోయిన చెట్టు బాటకు దూరంగా ఉండి ఎవరి మీదా పడే అవకాశం లేకపోతే మొండెం అలాగే ఉంచండి, వడ్రంగి పిట్టలు, చిలుకలు దాని తొర్రల్లో గూడు పెడతాయి. ఎవరూ నడవని పచ్చిక ఎంత ఉందో కూడా కొలవండి. వారానికి మూడుసార్లు నీళ్లు తాగే ఆ పచ్చికలో నాలుగో వంతు తీసేస్తే, నాటడానికి చోటూ దొరుకుతుంది, పోయడానికి నీళ్లూ దొరుకుతాయి.